డెగ్గెన్‌డార్ఫ్‌లో నేను చెప్పని మాట

నాయకత్వం మీద ప్రసంగించమని జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులు పిలిచారు. బెర్లిన్‌లో పదకొండేళ్లుగా నా పని అదే. ఆఫీసుల్లో నలుగురిని నడిపించేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం, రికార్డు చేసుకోవడం, పేర్లు మార్చి రాయడం. అలా రాసిన పుస్తకం ఒకటి కాస్త పేరు తెచ్చింది. ఈ పిలుపూ దాని పుణ్యమే. ఎంత గొప్పగా ఊహించుకుంటూ బయలుదేరానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

శనివారం ఉదయం ఏడూ అయిదుకు బెర్లిన్‌లో రైలెక్కాను. నెల ముందే కొన్నందుకు టికెట్ చవకగా దొరికింది. మీరు వెళ్లేట్లయితే సీటు రిజర్వేషన్ విడిగా చేయించుకోండి, లేకపోతే న్యూరెంబర్గ్ దాకా నిలబడాల్సి వస్తుంది. డబ్బాలో తెచ్చుకున్న ఉప్మా హాలే స్టేషన్ దాటాక తిన్నాను. పక్క సీటు జర్మన్ పెద్దావిడ తొంగి చూసి, అందులో గుడ్డు ఉందా అని అడిగింది. లేదంటే నమ్మలేదు. న్యూరెంబర్గ్‌లో మారాల్సిన రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

ప్లాట్‌లింగ్ వెళ్లే ఆ రైల్లో ఎదురుగా ఒక తెలుగమ్మాయి కూర్చుంది. పేరు శ్రావణి, ఊరు సిద్దిపేట, డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదువుతోంది. "మీ ప్రోగ్రాంకే వస్తున్న మేడమ్" అంది. మెచ్చుకుంటుందన్న ఆశతో ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి స్లైడ్లు చూపించాను. నాలుగో స్లైడు దగ్గర ఆగిపోయింది.

అది నా పుస్తకంలోని 'ఆర్' అనే మేనేజరు కథ. టీంలో ఇద్దరిని తీసేయమని కంపెనీ చెబితే, ఎవరి పేర్లివ్వాలో తేల్చకుండా మూడు వారాలు నాన్చిన మనిషి. నాయకుడు ఎలా ఉండకూడదో చెప్పడానికి ఎక్కడికి వెళ్లినా ఈ కథే చూపిస్తాను. పేరు మార్చాను, కంపెనీ పేరు తీసేశాను. శుక్రవారం వస్తే టీం అందరికీ పులిహోర కలుపుకొచ్చే అలవాటును మాత్రం ముచ్చటగా ఉందని అలాగే ఉంచాను.

"ఈన మా సుధాకరన్న కదా మేడమ్?"

పేర్లు చెప్పకూడదమ్మా అని నవ్వాను.

"మీరు చెప్పేదేముంది? పులిహోర మేనేజర్ అంటే అందరికీ ఎరుకే. మీ బుక్ వచ్చినంక ఆఫీసుల, మనోళ్ల గ్రూపులల్ల గదే పేరు పెట్టి ఏడిపించిన్రట. అందుకే బెర్లిన్ ఇడిసిపెట్టి ఇటు వచ్చిండు. ఇయ్యాల మిమ్మల్ని స్టేషన్ల పికప్ చేసుకునేది కూడ ఆయనే." తర్వాత గొంతు తగ్గించింది. "తీసేయాల్సిన ఇద్దర్ల ఒకామె మా అక్క. బ్లూ కార్డు వీసా మీద ఉండె. గా మూడు వారాలల్లనే వేరే జాబ్ చూసుకున్నది. అన్న కావాలనే ఆపిండు. గది మీకు తెల్వదా?"

తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నాకు తెలుసు. "జాబ్ పోతే వీసాకు కష్టమైతది మేడమ్, అందుకే కొంచెం టైం ఇచ్చిన" అని సుధాకర్ నాతో స్పష్టంగా చెప్పాడు. రికార్డింగులో ఉంది. కానీ ఆ అధ్యాయానికి నాకొక చేతగాని నాయకుడు కావలసి వచ్చింది. ఆ ఒక్క వాక్యం ఉంటే నా వాదన నిలబడదు. వదిలేశాను. శ్రావణితో మాత్రం "గుర్తు లేదమ్మా" అన్నాను.

ప్లాట్‌లింగ్‌లో చిన్న రైలెక్కి, డాన్యూబ్ నది దాటి, పది నిమిషాల్లో డెగ్గెన్‌డార్ఫ్‌లో దిగాం. సుధాకర్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. "నమస్తే మేడమ్, తిన్నరా?" అంటూ నా బ్యాగు అందుకున్నాడు. పిల్లలు వండిన అన్నం, టమాటా పప్పు పెట్టించాడు. నేను తల వంచుకుని తిన్నాను.

మూడు గంటలకు హాల్లో నలభై మంది దాకా చేరారు. కుర్చీలు వేసింది సుధాకరే. వేసి, చివరి వరసలో కూర్చున్నాడు. నేను వేదికెక్కే ముందు నాలుగో స్లైడు చప్పుడు లేకుండా తీసేశాను. తప్పు చేసిన నాయకుడు దాన్ని అందరి ముందూ ఒప్పుకోవాలన్నది నా ప్రసంగంలో ముగింపు మాట. ఆ మాట కూడా గట్టిగానే చెప్పాను. చప్పట్లు కొట్టారు. శ్రావణి కొట్టలేదు.

అయిదున్నరకు స్టేషన్‌లో దింపడానికి సుధాకరే వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే మిగిలాక నోరు పెగిలింది. "నన్ను క్షమించండి సుధాకర్ గారూ. మీరు చెప్పిన మాట నేను కావాలనే రాయలేదండీ."

"తెలుసు మేడమ్. స్లైడు తీసేసిన్రు, అది గూడ చూసిన. ఉంచి, అసలు సంగతి పిల్లలకు చెప్తరేమో అనుకున్న. గందుకే ఇంటికి పోకుండ కూసున్న." తిట్టినా బాగుండేది. రైలు వచ్చేదాకా బ్యాగు పట్టుకుని నిలబడి, ఎక్కించి వెళ్లాడు.

డెగ్గెన్‌డార్ఫ్ శుభ్రమైన, నెమ్మదైన ఊరట. నది ఒడ్డున నడక బాగుంటుందట. నేను చూసిందేమీ లేదు, మీరు వెళితే ఒక పూట ఎక్కువ ఉంచుకోండి. రెగెన్స్‌బర్గ్ దాటాక, ఆ అధ్యాయం దిద్దాలని పుస్తకం వేసినవాళ్లకు ఉత్తరం రాశాను. ఆపైన, జరిగిందంతా రైల్లో ఆడిన అబద్ధంతో సహా శ్రావణికి మెసేజ్ పెట్టి, విద్యార్థులందరికీ చదివి వినిపించమని అడిగాను.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "నేను చదవ మేడమ్. అన్న ముంగట మీరే వచ్చి చెప్పుండ్రి."

నాయకత్వం మీద ఇన్నేళ్లు రాసినదాన్ని, న్యూరెంబర్గ్ వచ్చేదాకా ఆ పిల్లకు 'వస్తాను' అన్న ఒక్క మాట రాయలేకపోయాను.