గడప బయట బోర్లించిన చెంబు

సహోదరులారా, సహోదరీలారా, మూర్ఛ జబ్బున్న మనిషికి ఎవరైనా ఇల్లు బాడుగకు ఇస్తారేమో ఒకసారి అడిగి చూడండి, నేను పడిన చీకటి రోజులు మీకు అర్థమవుతాయి! మాది పెద్దమండ్యం దగ్గర పల్లె, పెళ్లయిన రెండో ఏడే ఫిట్సు మొదలైతే మా ఆయన నన్ను పుట్టింట్లో దింపి మళ్లీ తిరిగి చూడలేదు, అమ్మానాన్న పోయాక మదనపల్లె టమాటా మండీలో కాయలు ఏరే పనికి చేరి ఒక గది తీసుకున్నాను. కొళాయి దగ్గర పడిపోతే నా చేతిలో తాళాలగుత్తి పెట్టిన ఇంటామే, నాకు తెలివి వచ్చాక ట్రంకుపెట్టె వీధిలో పెట్టింది. పుంగనూరులోనూ అదే జరిగింది.

అప్పుడు పుంగనూరు సంఘంలోని ఒక పెద్దమ్మ, కుప్పంలో దిక్కులేనివాళ్ల కోసం విశ్వాసులు కట్టించిన గదుల వరుస ఉందని చెప్పి పంపింది. పది గదులు, తక్కువ బాడుగ, అన్ని మతాలవాళ్లూ ఉంటారు. వాటిని చూసుకునే సువార్తమ్మగారు "ఒంట్లో ఏమన్నా ఇబ్బంది ఉండాదా అమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదమ్మా, గుండ్రాయి మాదిరి ఉండాను" అన్నాను. దేవుని పాటలు పాడే నోటితోనే ఆ అబద్ధం! ఈ గది కూడా పోతే ఇక నాకు బస్టాండే గతి.

నాకు చిన్నప్పటినుంచీ ఒక గుణం, పక్కింటి పొయ్యి మీద ఏముందో తెలియకపోతే ముద్ద దిగదు. చేరిన మర్నాడే చూశాను, తెల్లవారేసరికి ప్రతి గడప బయటా ఒక ఖాళీ చెంబు బోర్లించి ఉంది! పాల కోసమా అనుకుంటే బోర్లించిన చెంబులో పాలెవరు పోస్తారు? దిష్టికా అనుకుంటే సువార్తమ్మగారి గడప బయట కూడా ఉందే! నాలుగు రోజులు కిటికీలోంచి తొంగిచూశాను, ఒక్కొక్కరే లేచి తలుపు తీసి చెంబు లోపలికి తీసుకుంటున్నారు, అంతే. ఇక ఆగలేక, పక్క గదిలో బట్టలు కుట్టుకునే ఖైరూనక్కను అడిగేశాను.

"యాలక్కా ఈ చెంబులు?"

"పండుకునే ముందు పెడతాం, లేస్తానే తీస్తాం. పాలాయన వచ్చేదాకా ఎవురి చెంబన్నా ఆడనే ఉంటే, లోపల మనిషికి ఏమో అయిందని పక్కోళ్లం పోయి సూస్తాం. నీ చెంబు యాడమ్మా?"

చూడడానికి వస్తే నా గుట్టు బయటపడదా! నాకు అలాంటివి వద్దన్నాను. ఆమె ఊరుకుంటేనా! నేను తలుపేసుకున్నాక తన ఇత్తడి చెంబే ఒకటి నా గడప బయట పెట్టేది, పొద్దున్నే నేను మూతి ముడుచుకుని తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టేదాన్ని. నెల రోజులు ఇదే తంతు.

ఒకరోజు పొద్దున కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని, అగ్గిపుల్ల గీయకముందే పడిపోయాను, అదీ దేవుని కృపే! చెంబు తిరిగి రాలేదని ఖైరూనక్క వచ్చి, పిలిచి, కిటికీలో చెయ్యి పెట్టి గడియ తీసి, బోర్లాపడి ఊపిరాడకుండా ఉన్న నన్ను పక్కకు తిప్పిందట. తెలివి వచ్చేసరికి నా తల ఆమె ఒడిలో ఉంది. వరుసలోని వాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. నేను మెల్లగా లేచి, ట్రంకుపెట్టెలో చీరలు పెట్టుకోసాగాను.

"యాడికి పోతాండావు?" అన్నారు సువార్తమ్మగారు.

"అబద్ధం చెప్పినాను గదమ్మా. మీరు పొమ్మనకముందే పోతాండాను."

ఆమె పెట్టె మూసి దానిమీద కూర్చున్నారు! "పొమ్మనే ఇండ్లు ఊరినిండా ఉండాయి, మళ్లా మేం ఇవి యాల కట్టినాం? చివరి గది మునెప్పకు గుండెజబ్బు. రేపట్నించి ఆయప్ప చెంబు నువ్వు సూడాల."

నన్ను ఒక మనిషికి కాపలా పెట్టారు, సహోదరులారా! నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆ వారమే ఆమె నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మాత్రలు మొదలయ్యాయి, ప్రార్థనలు జరిగాయి, ఇప్పుడు ఎప్పుడో ఏడాదికొకసారి తప్ప ఫిట్సు రావు, అదే గదిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను.

మీకొక మాట దాచకుండా చెప్పాలి. ఆ నెలంతా నేను మోకాళ్ల మీద అడిగింది ఇదే: "ప్రభువా, నా జబ్బు ఎవరి కంటా పడనీయొద్దు తండ్రీ!" ఉపవాసముండి మరీ అడిగాను. ఆయన ఆ ప్రార్థన వినలేదు! విననందుకు దేవునికే మహిమ! మీలో ఎవరైనా దేన్నైనా దాచుకుని కుమిలిపోతుంటే, ఆయనను నమ్మి, ఆరాధన అయ్యాక మీ పక్కన కూర్చున్నవారితో చెప్పండి. నాతో చెప్పినా సరే, నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాను.