మల్లయ్య మంద కావలి

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక చలికాలంలో, కొత్తకోట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నన్ను కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా వేశారు. మూడేళ్లు చేసి మానేశాను. నేను మాట తక్కువ మనిషిని. పగలు అడగలేకపోయినవి రాత్రి డైరీలో రాసుకునేదాన్ని.

ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూసి ఫారం నింపడం మా పని. చివర పొగాకు, మద్యం, వ్యాయామం గడులుండేవి. మార్కులు ఎక్కువైతే డాక్టరు దగ్గరికి పంపాలి, తక్కువైతే మళ్లీ ఏడాదికి చూడాలి.

గొర్రెల కాపరి మల్లయ్యకు అరవై అయిదు దాటాయి. మందను ఆపనన్నాడు కాబట్టి వెంట నడుస్తూనే ఫారం నింపాను. నాకు ఆయాసం వచ్చింది, ఆయనకు రాలేదు. వ్యాయామం చేస్తారా అని అడిగితే లేదన్నాడు.

"గవన్నీ జడ్చర్లల బూట్లేసుకొని తిరిగేటోళ్లకు బిడ్డా. మాకు యాడ తీరుతది?"

పక్కనే ఉన్న బామ్మర్ది బీరయ్య నవ్వాడు. "పొద్దంత గొర్ల ఎనుక తిరుగుడు మరేంది బావా, పండుకునుడా?"

నేనూ నవ్వి, వ్యాయామం గడిలో 'అవును' అని రాశాను. మార్కులు తగ్గాయి. ఫికర్ లేదని, డాక్టరు దగ్గరికి రానక్కర్లేదని చెప్పాను.

వారం తర్వాత వాళ్లు ఒక రైతు చేనులో ఎరువు కోసం మంద పెట్టారు, అంటే రాత్రుళ్లు గొర్రెలను అక్కడే పడుకోబెట్టారు. అలా పెట్టినప్పుడు రాత్రుళ్లు కాపరులు వంతులవారీగా కావలి కాస్తారు. నేను అటు వెళ్లినప్పుడు బీరయ్య మాత్రం తమకు వంతులే లేవన్నాడు. "మా బావ గంటకోసారి లేస్తడు. నక్క గూడ మా దిక్కు రాదు." చుట్టూ ఉన్నవాళ్లంతా మల్లయ్యను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుని, ఆ మాటే డైరీలో రాసుకున్నాను. రాసింది మళ్లీ చదువుకున్నాను. గంటకోసారి ఎందుకు లేస్తున్నాడు?

తెల్లవారి డాక్టరుగారికి చెప్పాను. మూత్రాశయం కింద మగవారికి ప్రొస్టేట్ అనే చిన్న గ్రంథి ఉంటుందని, వయసుతో అది ఉబ్బితే ఇలా మాటిమాటికి మూత్రానికి లేవాల్సి వస్తుందని అన్నారు. చాలామందికి అది వట్టి ఉబ్బే, కానీ పరీక్ష చేయకుండా క్యాన్సర్ కాదని అనలేం. రోజూ ఒళ్లు కదిలేవారికి ఆ ముప్పు కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోదు. మా ఫారంలో రాత్రి లేవడం గురించి గడే లేదు. ఫారం నింపింది నువ్వే కాబట్టి మల్లయ్యను నువ్వే తీసుకురా అన్నారు.

మల్లయ్య రానన్నాడు. "రోజు నడిచేటోనికి రోగమేంది? ఫికర్ లేదని నువ్వే చెప్తివి గదా!"

ఆయన వయసు మనిషిని మూత్రం గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. మంద వైపు చూస్తూ అడిగాను. "తాతా, పొట్టేలు మాటిమాటికి ముక్కుకుంట, చుక్క చుక్క పోస్తే ఏం చేస్తవు?"

"పశువుల దవాఖానకు తోల్కపోత."

అని, కర్రతో నేల గీయసాగాడు. బీరయ్యే లేచాడు. "అయితే నడువు పొట్టేలా! మందను నేను జూస్త."

రక్తపరీక్షలో తేడా కనిపించింది. మహబూబ్‌నగర్‌లో గ్రంథి నుంచి ముక్క తీసి చూస్తే క్యాన్సరే. ఇంకా గ్రంథి దాటలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. తొందరగా కోలుకోవడానికి ఆయన నడక సాయపడిందని డాక్టరుగారు అన్నారు. కొన్ని నెలలు గడిచాక మళ్లీ మంద వెనక నడిచాడు. ఏడాదికి నేను కలిసినప్పుడు బీరయ్య ఫిర్యాదు చేశాడు. "బావ తెల్లారేదాంక గుర్రుపెడుతుండు. ఇప్పుడు మేం వంతులేసుకొని కావలుంటున్నం."

ఆ తర్వాత కూడా కాపరుల ఫారాల్లో వ్యాయామానికి 'అవును' అనే రాశాను. అది నిజం. కానీ దాన్ని చూసి మిగతా ప్రశ్నలు మానలేదు. రాత్రి కావలి ఎవరిదని, ఎన్నిసార్లు లేస్తారని ప్రతి ఒక్కరినీ అడిగాను.