వాజిదా చేతికి సున్న

బోధన్ బజారులో నలభై ఏళ్లుగా గాజులు తొడుగుతున్న వాజిదాకు, చెయ్యి పట్టి నొక్కితే చాలు, సైజు ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి మనిషికి ఈ ఏడు తన వేళ్ల కణుపులే వాచి, పొద్దున లేస్తే పిడికిలి బిగియడం లేదు. కీళ్లవాతం మొదట్లోనే దొరికిందన్నాడు నిజామాబాద్ డాక్టరు. గట్టి మందు మొదలుపెట్టే ముందు ఒంట్లో టీబీ ఎక్కడైనా నిద్రపోతోందేమో చూడాలని ముంజేతికి చిన్న సూది వేయించి, మూడోనాడు రమ్మన్నాడు.

మూడోనాటికి సూది వేసిన చోట ఎర్రబడింది. టీబీ ఉన్నట్టేననుకుంటూ వాజిదా ఆసుపత్రికి వచ్చింది.

"ఎరుపు లెక్కకు రాదమ్మా, గడ్డ లేచిందా లేదా, గదే చూస్తం," అంటూ నర్సు అంకిత వేలితో తడిమింది.

"గంతే గదా! మేం గూడ చేతి రంగు సూడం, ఎముక సూస్తం," అని వాజిదా కళ్లు మూసుకుని తానూ తడిమింది. "ఏం లేదు బిడ్డా, సాపుగుంది."

అంకిత గడ్డ కొలిచే స్కేలు పక్కన పెట్టి, కాగితం మీద సున్న చుట్టింది.

"సున్ననా? ఫెయిలైననా?"

"పాసైనరమ్మా! ఎక్స్‌రే గూడ చూసి మందు షురూ చేస్తరు."

వాజిదా పకపకా నవ్వింది. "నలభై ఏండ్ల సంది ఊరందరికీ సున్నలే తొడుగుతున్న. నాకొకరు సున్న సుట్టుడు గిదే మొదలు!"