పెరుగు అడిగే పద్ధతి

ఇందుమూలంగా కరామాలోని మా గదివాసులందరికీ తెలియజేయడమేమనగా: భోజనాల దగ్గర పెరుగు, పచ్చడి, మంచినీళ్ళు వగైరా ఇంగ్లీషులోనే అడగవలెను. తెలుగులో అడిగినవారికి ఇవ్వబడదు. ఈ రూలు పెట్టిన మా మేష్టారు మొన్న ఆస్పత్రిలో పోయారు. రూలు మాత్రం పోలేదు.

ఈ అరబ్బు దేశంలో వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిన ఏడాది ఆయన మా గదిలో కింది మంచానికి వచ్చారు. అమలాపురం పక్క ఏదో బడిలో ఇంగ్లీషు చెప్పి, ఇక్కడ టైపింగ్ సెంటర్లో వీసా కాగితాలు కొట్టేవారు. ఉద్యోగం మారింది గానీ నోరు మారలేదు.

"మేష్టారూ, సరుకు పంపానని చెప్పాలంటే 'ఐ సెంట్' అనాలా, 'ఐ హావ్ సెంట్' అనాలా?" అని ఒకసారి అడిగాను.

"నిన్న అనో మొన్న అనో చెబితే 'ఐ సెంట్'. ఎప్పుడో చెప్పకపోతే 'ఐ హావ్ సెంట్'. నువ్వు మాత్రం ఏదీ అనకు, సరుకు తిరిగొచ్చేస్తుంది."

మాతో జగిత్యాల తమ్ముడొకడు ఉంటాడు, బిల్డింగుల పని. వచ్చిన రోజే చెయ్యి చాచి, "సారూ, జర పెరుగియ్యుండ్రి" అన్నాడు. మేష్టారు గిన్నె వెనక్కి జరుపుకున్నారు. వాడు వారమంతా చారుతోనే తిన్నాడు. "గీ ముసలాయన మనిషేనా అన్నా?" అని వంటింట్లో ఏడిస్తే నాకు నవ్వొచ్చింది. వాడి వాటా పెరుగు తినేది నేనే మరి.

నేనూ ఓ రోజు నోరు జారి తెలుగులో అడిగి పెరుగు పోగొట్టుకున్నాక నవ్వు పోయింది. రూలు తీసెయ్యమని మేష్టారి మీద పడ్డాను.

"తినడానికైనా తాగడానికైనా నేను తెలుగులో అడిగిన రోజున నీ రూలు ఖలాస్" అన్నారు.

ఇక ఆ ఒక్క ముక్క రప్పించడమే నా పని. ఆయన కంచం దాచాను. పప్పులో పిడికెడు కారం కలిపాను. ముక్కూ కళ్ళూ ఏకమైనా, "కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?" అన్నారే గానీ అమ్మో అనలేదు.

ఆ పస్తుల పుణ్యాన జెబెల్ అలీ గోడౌన్‌లో ముదీర్, అదే మా మేనేజరు, ఎదుట తడబడకుండా మాట్లాడి స్టోర్ కీపర్నయ్యాను. తమ్ముడు పైనుంచి "రోప్ లూజ్!" అని అరిచి కిందున్న తెలుగు రాని మనిషిని బతికించాడు. ఆ సంగతి సంబరంగా చెబితే మేష్టారు, "మధ్యలో 'ఈజ్' ఏదిరా?" అన్నారు.

ఊపిరితిత్తులు చెడి మేష్టారు ఆస్పత్రిలో పడ్డాక ఆయన్ని చివరిసారి చూసింది నేనే. మాస్కు పక్కకు లాక్కుని, పూర్తి వాక్యం కూడబలుక్కుని, చివర ప్లీజ్ చేర్చి మరీ నీళ్ళడిగారు. గదికి వచ్చి ఆ మాటే చెప్పాను.

"సచ్చేదాకా ఓడలే, ముసలాయన" అన్నాడు తమ్ముడు. తర్వాత గిన్నె వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, పెరుగు ఇంగ్లీషులో అడిగాడు.

ఇంతా రాశాను గానీ, ఆస్పత్రిలో ఆ ఇంగ్లీషు వాక్యం నేను అల్లింది. ఆయన అన్నది, "దాహంరా. కాసిని నీళ్ళు పొయ్యరా" అని. ఇన్నేళ్ళూ ఆ ముక్క కోసమే కాచుకున్నాను. నర్సునడిగి చెంచాతో పోశాను. సగం గొంతులోకి దిగాయి, సగం తెల్లగడ్డం మీదుగా దిండులోకి ఇంకాయి.