గుర్రాన్ని నడిపించిన మధ్యాహ్నం

ఉదయగిరిలో, చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి ఊరేగింపులకు నాయన తన తెల్ల గుర్రాన్ని తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక అది మేత సరిగా తినలేదు. నేను ఆత్మకూరులో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, ఆయన చేసే పనులు చేస్తూ ఉన్నాను. గిట్టల కింద ఇరుక్కున్న బురద తీసి, కుళ్లు వాసన వస్తోందేమో చూడటం. జీను రాసుకుని వెంట్రుకలు ఊడిన చోట చర్మాన్ని తుడిచి ఆరనివ్వడం. ఆ పని దగ్గర ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు. అది నచ్చింది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మేనత్త గుర్రం దగ్గరకు వెళ్లింది. నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. అన్న బిడ్డలా పెంచిన జీవం పస్తుంటే తనకు ముద్ద దిగలేదని, నానబెట్టిన శనగలు, బూరెలు, బెల్లప్పొంగలి కలిపి బేసిన్ నిండా పెట్టింది. గుర్రం అదంతా తినేసరికి అత్త సంతోషంతో ఏడ్చిందట.

కాసేపటికి గుర్రం ముందుకాలితో నేల గీకింది. మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంది. పడుకుని లేచింది, మళ్లీ పడుకుని పొర్లబోయింది. ఒళ్లంతా చెమట. ఆత్మకూరులోని పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. గుర్రానికి వాంతి రాదని, తిన్నది లోపలే ఉబ్బుతుందని, తాను వచ్చేదాకా మెల్లగా నడిపించమని చెప్పాడు. లద్ది వేస్తే గండం తప్పినట్టేనట. వేయకపోతే ఏమవుతుందో నేను అడగలేదు.

ఇంటి వెనక బీడు చుట్టూ నడిపించాను. ఎండ తెల్లగా ఉంది. ఒక మలుపులో కొండ కనిపించేది, ఇంకో మలుపులో షామియానా. కొంతసేపటికి రెండూ ఎక్కడో దూరాన, నాకు తెలియని ఊరివిగా అనిపించాయి. గిట్టల చప్పుడు, నా చెప్పుల చప్పుడు మిగిలాయి. గుర్రానికి అటువైపు ఎవరో నడుస్తున్నట్టు ఉంది. దాని మెడ అడ్డం ఉన్నంతసేపూ అది ఎవరైనా కావచ్చు. నేను వంగి చూడలేదు.

అత్త గట్టు మీద కూర్చుని ఉంది. మంచినీళ్లు ఇచ్చినా తాగలేదు.

"అన్న గుర్రాన్ని నా చేత్తోనే చంపుకున్నానా, పాపా?" అని అడిగింది.

"నడస్తా ఉండాది కదత్తా," అన్నాను. అంతకు మించి నాకూ తెలియదు.

డాక్టరు వచ్చి సూది వేశాడు. ముక్కులోంచి గొట్టం దించి నూనెలాంటి మందు పోశాడు. మళ్లీ నడిపించమన్నాడు. ఎండ పసుపుపచ్చగా మారే వేళకు గుర్రం ఆగి, తోక ఎత్తింది. ముందు చిన్న లద్ది ఉండలు, తర్వాత ఇంకాస్త.

అత్త వచ్చి వంగి చూసింది. "దీన్ని ఎత్తిపోయలేక మీ అమ్మ రోజూ తిట్టేది. నేనేమో దీనికోసం దేవుళ్లందరికీ మొక్కినాను," అంది.

రేపటిదాకా నీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. అత్త కుర్చీ తెచ్చుకుని గుర్రం ముందు కూర్చుంది. ఆమెకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన జాలిపడి అరటిపండ్లు తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ప్రేమగా పెట్టేదానికి నేనొకదాన్ని చాల్లేదా? పోరా అవతలికి."

ఆమె వెనక గుర్రం ఒక కాలు సడలించి, గిట్ట కొనను నేలకు ఆనించి, నిలబడే నిద్రపోయింది. దాని డొక్క నెమ్మదిగా లేచి పడటం చూస్తూ నేనూ అక్కడే ఉండిపోయాను.