నడుమెత్తు ఇల్లు

హుమాయున్ మేస్త్రీ నలభై ఏళ్లలో ప్రొద్దుటూరు చుట్టుపక్కల నూటికి పైగా ఇళ్లు కట్టాడు. అందులో ఒక్కదానిలోనూ ఆయన కాపురం చేయలేదు. భార్య సకీనా పులివెందుల మనిషి. పెళ్లయిన కొత్తలో తనకు కావలసిన ఇంటిని గాలిలో చేతులతో గీసి చూపించింది: రెండు గదులు, తూర్పున వంటింటి కిటికీ, దాని కింద బిందెలకు ఒక అరుగు. "కడతాలే" అన్నాడు మేస్త్రీ. పరాయి వాళ్ల ఇళ్లు ఒకదాని వెనక ఒకటి అడ్డం వచ్చాయి. 1965లో ఆమె బాడుగ గదిలోనే కన్నుమూసింది.

1967 ఎండాకాలంలో జపాను నుంచి టెలివిజన్ వాళ్లు దిగారు. టెలివిజన్ అనే వస్తువును ఊళ్లో ఎవరూ చూసి ఉండలేదు గనుక, దానికోసం బొమ్మ తీయడాన్ని ఎవరూ ఆక్షేపించలేదు. కథ గంభీరమైనది. జమ్మలమడుగు దగ్గర పెన్నేటి లోయలోంచి ఒక రాక్షస జంతువు లేచి ఊరిమీద పడుతుంది. ఆకాశం నుంచి ఒక మహావీరుడు దిగి దాన్ని చితక్కొడతాడు. వీరుడి ఎత్తు నూట ముప్పై అడుగులు. రబ్బరు తొడుగులో ఉన్న మనిషి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మనిషిని సాగదీయడం కుదరదు గనుక ఊరినే కుదించాలని తీర్మానించారు. శనక్కాయ నూనె మిల్లు గోడౌనులో నడుమెత్తు ఊరు ఒకటి లేచింది. అందులో ముందు వరస ఇల్లు హుమాయున్ వంతుకు వచ్చింది.

దుబాసీ పని మిషన్ బడి టీచరు జయకర్‌ది. ఆయన ఇంగ్లీషుకూ జపాను వాళ్ల ఇంగ్లీషుకూ పరిచయం కుదరడానికే మూడు రోజులు పట్టింది.

"ఎట్లుండాల సారూ ఇల్లు?"

"నీ ఇష్టం మామా. మన పక్క ఇల్లు మాదిరి ఉంటే సాలంట."

నీ ఇష్టం అన్న మాటను మేస్త్రీ తన వృత్తిలో మొదటిసారి విన్నాడు. నాపరాయిని వేళ్లంత ముక్కలుగా చెక్కి, సున్నంలో బెల్లం నీళ్లు కలిపి, గోడగోడకూ తూకం గుండు పట్టి, పన్నెండు రోజులు కట్టాడు. వంటింటి కిటికీ తూర్పుకే పెట్టాడు. కింది అరుగు మీద బిందె కుదురుకునే గుంటను సైతం తొలిచాడు. ఆ వైపు కెమెరాకు కనబడదని జయకర్ చెబితే, "కనబడకపోతే ఏమాయ" అన్నాడు.

షూటింగు రోజు వీరుడు ఎగిరి ఇంటిని తన్నాడు. ఇల్లు కదల్లేదు. వీరుడు కూలబడ్డాడు. జంతువు శత్రుత్వం పక్కనబెట్టి, దగ్గరికొచ్చి ఆయన బూటు విప్పి బొటనవేలు చూసింది.

"ఏంది మామా ఇది? తంతే పడిపోయే ఇల్లు గదా వాళ్లకు గావాల్సింది!"

"నాకెవురు జెప్పినారు సారూ? నలభై ఏండ్లలో పడిపోయే ఇల్లు కట్టమని నన్నెవురూ అడగల్యా."

డైరెక్టరు మోకాళ్ల మీద కూర్చుని కిటికీలోంచి లోపలికి చూశాడు. లేచి, హుమాయున్‌కు నడుం వంచి దండం పెట్టాడు. ఆ గౌరవం ముగిశాక, దాన్ని పీకేసి రేపటికల్లా ప్లాస్టరుతో అలాంటిదే నిలపమన్నాడు.

కూలీలు గడ్డపారలు తెచ్చారు.

"యాడికప్పా? జరగండి. కట్టినోన్ని నేనుండా."

కప్పు బండలు ముందు దించాడు. తర్వాత గోడలు, ఒక్కో రాయీ. ఇట్లా కట్టింది చేజేతులా విప్పుతుంటే సకీనా ఊరుకునేది కాదు. ఆ తిట్ల కోసం ఒకటి రెండుసార్లు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. సున్నం బస్తాలున్నాయి.

మరునాడు, రాత్రికి రాత్రి ఆయనే నిలిపిన ప్లాస్టరు ఇల్లు ఒక్క తన్నుకే పిండి పిండి అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"శానా సొగసుగా పడిందంటాండారు మామా" అన్నాడు జయకర్.

"ఒక మాట అడుగు సారూ. కతలో ఆ ఇంట్లో యెవురుంటారంట?"

జయకర్ పోయి అడిగి వచ్చాడు. "యెవురూ ఉండరంట. జంతువు వస్తాందని అందరూ ముందే యెల్లిపోయినారంట."

"అట్లనా" అన్నాడు హుమాయున్. గమేళా తట్టను దగ్గరికి లాక్కొని, అంచుకు అంటి ఎండిన ప్లాస్టరును తాపీతో గీకుతూ కూర్చున్నాడు.