విథర్‌బీ వారి వంటిల్లు

జయంతి అక్కయ్యకు మనిషి కనిపిస్తే ముందు ఇంటిపేరు కావాలి. మంచీ చెడ్డా ఆ తర్వాతే. పెళ్లయి తెనాలి నుంచి వర్జీనియా వచ్చి ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. రిచ్‌మండ్‌లో మావి పక్కపక్క ఇళ్లు. సరుకులకు వెళ్తే బిల్లు వేసే పిల్లను కూడా, “మీ ఇంటిపేరేమిటమ్మా, మీ వాళ్లది ఏ ఊరు?” అని అడిగేది. వెనక వరసలో ఉన్నవాళ్లు చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

1983లో ఆవిడకు విథర్‌బీ హౌస్‌లో గైడ్ పని దొరికింది. జీతం లేదు, శనివారాలు మాత్రమే. ఊరి బయట నది ఒడ్డున, ఒకప్పటి పొగాకు తోటల మధ్య ఉన్న పాత జమీందారీ భవనం అది. బానిసత్వం విషయంలో ఇక్కడి ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధం నాటి సామానంతా అలాగే ఉంచి మ్యూజియం చేశారు. అక్కయ్యకు డ్రైవింగ్ రాదు. భర్త దామోదర్ గారికి శనివారం నిద్రను మించినది లేదు. అందుకని నేనే తీసుకెళ్లేదాన్ని. పట్టుచీర కట్టి, బ్యాడ్జి పెట్టుకుని ఆవిడ మెట్ల మీద నిలబడితే, వచ్చినవాళ్లు భవనాన్ని వదిలేసి ఆవిడనే చూసేవారు. ఇండియాలో చదివిన ఎం.ఏ.కి ఇక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఆ బ్యాడ్జి పెట్టుకున్నప్పుడే ఆవిడ తనను మనిషిగా లెక్కవేసుకునేది. ఆ మాట నాతో చాలాసార్లు అంది.

చెప్పాల్సిన కథ కమిటీవాళ్లే నేర్పారు. యుద్ధంలో యజమాని పోయాడు. ఉత్తరాది సైనికులు ఇల్లు తగలబెట్టబోతే దొరసాని మార్గరెట్ గుమ్మంలో నిలబడి ఆపింది. ఇంతే. పెరట్లో విడిగా ఉన్న వంటిల్లు ఊసు అందులో లేదు. ఆ ఇటుక గదిని కూలగొట్టి కార్ల పార్కింగ్ వేయాలని అప్పటికే అనుకుంటున్నారు.

ఒక శనివారం టూర్‌కి ఎల్లా అనే నల్లజాతి పెద్దావిడ వచ్చింది. రిటైరైన టీచరు, చేతికర్ర సాయంతో నడుస్తోంది. అక్కయ్య ఊరుకుంటుందా, ఇంటిపేరు అడిగింది.

“విథర్‌బీ,” అందావిడ.

అక్కయ్య మొహం వెలిగిపోయింది. మన లెక్కలో ఇంటిపేరు కలిస్తే ఒకే ఇంటివాళ్లు. “అయ్యో, ముందే చెప్పకపోయారా! మీ ఇంట్లో మిమ్మల్ని నిలబెట్టి నేను కథ చెప్పడమేమిటి!” అంటూ అడ్డంగా కట్టిన తాడు విప్పి, ఎవరూ ముట్టుకోకూడని దొరసాని కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టింది. పైగా “వీరు ఈ ఇంటి ఆడపడుచు” అని అందరికీ పరిచయం చేసింది.

టూర్‌కి వచ్చినవాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు. ఇక్కడ చాలామంది బానిసల కుటుంబాలకు యజమాని ఇంటిపేరే మిగిలిందని నాకు తెలుసు. అక్కయ్యకు తెలియదు. కొంగు పట్టి లాగాను, వినిపించుకోలేదు. ఎల్లా గారికి కోపం వస్తుందేమోనని హడలిపోయాను. ఆవిడ మాత్రం కుర్చీలో నిదానంగా వెనక్కి వాలి నవ్వింది. “ఈ మాట అనడానికి ఇండియా నుంచి మనిషి రావాల్సొచ్చింది,” అంది.

టూర్ అయ్యాక మమ్మల్ని వంటింటికి తీసుకెళ్లి, అసలు సంగతి ఆవిడే చెప్పింది. ఈ ఇంట్లో వండి పెట్టిన బానిస హెస్టర్, ఎల్లా తాతకు తల్లి. యుద్ధానికి ముందే హెస్టర్ పెద్దకూతురు లూసీని దొర అమ్మేశాడు. ఎక్కడికో తల్లికి చెప్పలేదు. సైనికులు వచ్చేనాటికి దొరసాని చుట్టాలింటికి పారిపోయింది. నిప్పు పెట్టబోయినవాళ్లకు అడ్డం నిలబడింది హెస్టరే. నీకు స్వేచ్ఛ వచ్చింది, మాతో రా అన్నారట. తోటలో మిగిలినవాళ్లంతా వెళ్లారు. ఆమె వెళ్లలేదు. లూసీకి తెలిసిన గుమ్మం ఇదొక్కటే. తిరిగొస్తే ఇక్కడికే రావాలి. అలా ఎదురుచూస్తూనే హెస్టర్ ముసలిదై కన్నుమూసింది. లూసీ రాలేదు.

తిరుగు దారంతా అక్కయ్య హెస్టర్, లూసీ పేర్లే మళ్లీ మళ్లీ అనుకుంటూ కూర్చుంది. నాకు భయమేసింది.

తర్వాతి శనివారం టూర్ వంటింట్లో, హెస్టర్ కథతో మొదలుపెట్టింది. ఆ తర్వాతా అంతే. కమిటీ కార్యదర్శి పిలిచి, నేర్పిన కథే చెప్పండి, లేదంటే మానుకోండి అన్నాడు.

“మనకెందుకక్కయ్యా ఈ గొడవ? ఆ పని పోతే ఏం చేస్తావు?” అన్నాను కార్‌లో.

“ఏం చేస్తానే, ఇంట్లో కూర్చుని ఏడుస్తా. ఆ తల్లి కూతురి కోసం కాచుకున్న చోట కార్లు పార్క్ చేయించి, నేను దర్జాగా టూర్ ఇవ్వలేను విద్యా.”

వంటింటి సంగతి తేల్చే మీటింగ్‌కి ఎల్లా గారిని వెంటబెట్టుకుని వెళ్లింది. డ్రైవ్ చేసింది నేనే, తిట్టుకుంటూ. ఎల్లా కథంతా విని కమిటీ అధ్యక్షుడు మెత్తగానే అన్నాడు, “పాపం, లూసీ పోయి ఎన్నాళ్లయిందో. ఇంకా ఎవరి కోసమండీ?”

“లూసీకీ పిల్లలు పుట్టే ఉంటారు. ఎక్కడున్నారో మాకు తెలియదు,” అంది ఎల్లా. “మా గురించి వాళ్లకు ఏమైనా తెలిసుంటే ఈ వంటిల్లే తెలిసుంటుంది. ఇది తీసేస్తే వాళ్లు ఎక్కడికి రావాలి?”

ఓట్లు వేశారు. వంటిల్లు నిలిచింది. శనివారాలు అక్కడ ఎల్లా గారే కథ చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆ వెంటనే ఇంకో తీర్మానం చేశారు, మాట వినని గైడ్ అక్కర్లేదని. అక్కయ్య బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత పెద్దమనిషి పక్కింట్లో ఉంటే ఇన్నాళ్లూ నేను ఆవిడను చూసి సిగ్గుపడ్డాను.

మెట్ల దగ్గర ఎల్లా గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. “మా వంటిల్లు దక్కింది. మీ పని పోయింది.”

“పోనివ్వండి. కానీ ఆ గుమ్మంలోకి ఎవరొచ్చినా, మీరెవరు, మీ వాళ్లెవరు అని అడగండి. మొహమాటపడొద్దు,” అంది అక్కయ్య. “లూసీ మనవరాలు అంత దూరం వచ్చి, ఎవరూ అడగలేదని తిరిగెళ్లిపోతే ఎట్లా?”